రెండో దెబ్బకే పేలిన తూటా

టెక్సాస్‌లో శనివారం తుపాకీ షూటింగ్ మ్యాచ్, నేనే నింపుకున్న తూటాలతో. బజర్ మోగింది, ట్రిగ్గర్ నొక్కాను... టిక్! అంతే. అదే తూటా తర్వాత మళ్లీ పెడితే చక్కగా పేలింది. వారమంతా తుపాకీ స్ప్రింగును తిట్టుకున్నా, పాపం దాని తప్పేం లేదు. ప్రైమర్ (తూటా అడుగున ఉండే, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత) తన గుంతలోకి, అంటే పాకెట్‌లోకి, పూర్తిగా దిగలేదు. మొదటి దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే సరిపోయింది. ప్రైమర్ లోపలున్న యాన్విల్ (చిన్న లోహపు దిమ్మ) కాళ్లు పాకెట్ అడుగున ఆనితేనే ప్రైమర్‌లోని మందు నలిగి అంటుకుంటుంది.

ఏరి తెచ్చుకున్న 9 ఎం.ఎం. కేసుల్లో (పేలిన తూటాల ఖాళీ గొట్టాల్లో) కొన్ని మిలిటరీవి, పాకెట్ అంచు నొక్కి ఉంది. దాన్ని స్వేజింగ్‌తో (అంచును ఒత్తి వెడల్పు చేసి) సరిచేశాను. తూటాలు నింపే ప్రెస్ హ్యాండిల్‌ను చివర్లో గట్టిగా, ఆనేదాకా తోస్తున్నాను. ప్రైమర్ కేసు అడుగు మట్టం కంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి; వేలితో తడిమితే చిన్న పల్లం తెలుస్తుంది. తూటాను బల్లమీద నిలబెడితే ఊగిందా, పక్కన పెట్టేస్తా. కేసులో తుపాకీ మందు పోశాక మాత్రం ప్రైమర్‌ను మళ్లీ నొక్కను, బుల్లెట్ ఊడదీస్తా.