నిష్పత్తి లెక్కల్లో ఒక భాగం విలువ కనుక్కోవడం ఎలా

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం జరిగే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1 (మొదటి దశ) పరీక్షలో 100 ప్రశ్నలకు 60 నిమిషాలే ఉంటాయి, ప్రతి తప్పు జవాబుకూ అర మార్కు పోతుంది. అందువల్ల నిష్పత్తి లెక్క ఎదురైనప్పుడు ఏ సూత్రం వాడాలా అని తడుముకునే వ్యవధి అభ్యర్థికి ఉండదు. నిజానికి ఈ లెక్కల్లో చాలావాటికి తాళంచెవి ఒకటే: ఒక భాగం విలువ ఎంత? రెండు సంఖ్యల నిష్పత్తి 3:5, వాటి భేదం 24 అన్నారంటే, ఒక భాగం విలువను కె అనుకుని ఆ సంఖ్యలను 3కె, 5కె అని రాసుకోవాలి. భేదమైన 2కె విలువ 24 గనుక కె 12 అవుతుంది, సంఖ్యలు 36, 60 అవుతాయి.

ఇచ్చిన విలువ ఎన్ని భాగాలకు చెందినదో సరిచూసుకోకపోవడం వల్లనే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. ఒక సంచిలో 1, 2, 5 రూపాయల నాణేలు 4:3:2 నిష్పత్తిలో ఉన్నాయి, మొత్తం సొమ్ము 300 రూపాయలు అనుకుందాం. తొందరలో 300ను 9తో భాగిస్తే 33.33 వస్తుంది, నాణేల సంఖ్య పూర్ణాంకం కాలేదంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. నిష్పత్తి నాణేల సంఖ్యకు ఇచ్చారు, 300 మాత్రం వాటి విలువ. కాబట్టి 4×1, 3×2, 2×5 కలిపితే వచ్చే 20తో భాగించాలి. అప్పుడు ఒక భాగం 15, నాణేలు వరుసగా 60, 45, 30.

వయస్సుల లెక్కల దగ్గర కొంత నిదానం అవసరం. తండ్రీకొడుకుల ప్రస్తుత వయస్సుల నిష్పత్తి 7:2, ఎనిమిదేళ్ల తరువాత అది 5:2 అవుతుందని ఇచ్చారనుకుందాం. రెండు నిష్పత్తుల్లోనూ 2 కనిపించినంత మాత్రాన కొడుకు వయస్సు మారలేదనుకోకూడదు. మొదటి నిష్పత్తిలోని భాగమూ రెండో నిష్పత్తిలోని భాగమూ ఒకటి కాదు. (7కె + 8) : (2కె + 8) = 5 : 2 అని రాసి, అంత్యముల (మొదటి, చివరి పదాల) లబ్ధాన్ని మధ్యముల (నడిమి రెండు పదాల) లబ్ధానికి సమానం చేస్తే 14కె + 16 = 10కె + 40 వస్తుంది. కె విలువ 6, వయస్సులు 42, 12. ఇంతకన్నా నాకు నచ్చే దారి మరొకటి ఉంది: ఎన్నేళ్లు గడిచినా ఇద్దరి వయస్సుల తేడా మారదు గనుక, 7:2లోని తేడా 5ను, 5:2లోని తేడా 3ను సమానం చేయడానికి మొదటిదాన్ని 3తో, రెండోదాన్ని 5తో గుణించాలి. 21:6 కాస్తా 25:10 అయింది, అంటే ఇద్దరికీ 4 భాగాలు పెరిగాయి. ఆ 4 భాగాలే 8 ఏళ్లు, ఒక భాగం 2, తండ్రి వయస్సు 42. పెన్ను కదపకుండానే లెక్క తేలిపోతుంది.

మారనిదాన్ని పట్టుకునే ఈ పద్ధతి పాలు-నీళ్ల లెక్కల్లోనూ పనికొస్తుంది. 60 లీటర్ల మిశ్రమంలో పాలు, నీళ్లు 3:1గా ఉన్నప్పుడు, 3:2 కావడానికి ఎన్ని నీళ్లు కలపాలని అడిగితే, 45 లీటర్ల పాలు అలాగే ఉంటాయన్నది ఆధారం. మూడు భాగాలు 45 కనుక రెండు భాగాలు 30, నీళ్లు ఇప్పటికే 15 లీటర్లు ఉన్నాయి, కలపాల్సింది మరో 15 లీటర్లు. మిశ్రమంలో కొంత తీసేసి ఆ మేరకు నీళ్లు పోసే లెక్కలో మాత్రం పాలు కూడా తగ్గుతాయి, అక్కడ ఈ ఆధారం చెల్లదు.

అ:ఆ = 2:3, ఆ:ఇ = 4:5 అని ఇస్తే మొదటిదాన్ని 4తో, రెండోదాన్ని 3తో గుణించి, రెండింటిలోనూ ఉన్న ‘ఆ’ను 12 చేసి, అ:ఆ:ఇ = 8:12:15 అని రాసుకుంటే చాలు.

లెక్క మొదలుపెట్టే ముందు ఆప్షన్ల మీద ఒక చూపు వేయడం మంచిది. బాలురు, బాలికలు 4:5గా ఉన్న తరగతిలో మొత్తం విద్యార్థుల సంఖ్య 9 గుణిజం కాక తప్పదు. ఆప్షన్లు 40, 45, 50, 56 అయితే 45ను గుర్తించి ముందుకు సాగిపోవచ్చు. అయితే మొదటి ఉదాహరణ లాంటి లెక్కకు ఆప్షన్లలో 12, 36, 60, 96 అన్నీ ఉంటాయి. అడిగింది చిన్న సంఖ్యనా, పెద్దదాన్నా, మొత్తాన్నా అన్నది ప్రశ్న చివరి వాక్యంలో చూసుకున్నాకే జవాబు గుర్తించాలి.