సెల్లార్ గదిలో కాజీపేట: ఇంట్లో హెచ్‌ఓ రైల్వే లేఅవుట్ కట్టడం

హనుమకొండ, కాజీపేట వైపు ఏటవాలు స్థలాల్లో కట్టిన కొన్ని ఇళ్లకు కింద సెల్లార్ గది ఉంటుంది. పాత మంచాలు, బియ్యం డ్రమ్ములు తప్ప అందులో ఏమీ పెట్టరు. 10 అడుగులకు 12 అడుగుల గది దొరికితే చిన్న మోడల్ రైళ్లు నడిపే రైల్వే లేఅవుట్‌కు అది చాలు. కాకపోతే పట్టాలు కొనేముందు గదిని చూసుకోవాలి. మన దగ్గర లేఅవుట్లను చంపేది నిమ్ము, చెద, దుమ్ము. ఇంజిను పాడై మూలపడ్డ లేఅవుట్లు తక్కువ.

రెండడుగుల చదరం పాలిథీన్ కవరును నేల మీద పరిచి, నాలుగంచులా టేపు వేసి ఒక రోజంతా వదలండి. గోడకూ ఇలాగే ఒకటి అంటించండి. కవరు లోపలివైపు నీటిబొట్లు పడితే నిమ్ము నేల నుంచి, గోడ నుంచి వస్తోంది. బయటివైపు పడితే అది గాలిలోని తేమ. రెండోదానికి తలుపులు మూసి డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమ లాగే యంత్రం) పెడితే సరిపోతుంది. మొదటిదానికి గోడ బయటివైపు మట్టి తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సిందే. లోపల పెయింటు ఎన్ని కోట్లు కొట్టినా గోడలోంచి వచ్చే నీరు దాన్ని పొరలుగా ఊడగొడుతుంది. ఆ పొలుసులు పట్టాల మీదే రాలతాయి.

ఇంకో పొరపాటు చాలా మంది చేస్తారు. వానాకాలంలో గది ఆరాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ రోజంతా తిప్పుతారు. ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోస్తే ఆ చోటులోకి బయటి తడిగాలే వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఫ్యాన్ కట్టేయండి. తేమ కొలిచే చిన్న మీటరు గోడకు పెట్టి, 60 శాతం దాటకుండా చూసుకోండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో గుర్తుంది కదా. సెల్లార్‌లో కరెంటుకు సంబంధించినది ఏదీ నేల నుంచి 3 అడుగులకు తక్కువలో ఉండకూడదు. గదికి వచ్చే లైనుకు విడిగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే స్విచ్) పెట్టించండి.

సెల్లార్ లేనివాళ్లు పెంట్‌హౌస్ గది తీసుకోవచ్చు, స్లాబు ఉంటేనే. రేకుల గది మాత్రం వద్దు. మే నెల మధ్యాహ్నపు ఎండకు పట్టాలు సాగి వంకరపోతాయి.

వంపు లెక్క

హెచ్‌ఓ అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు కొలత. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే కొలత. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 19.3 రావాలి. భారతీయ బండ్ల మోడళ్లు కూడా 16.5 మీదే నడుస్తాయి. ఎదురుగా నిలబడి చూస్తే పట్టాలు కొంచెం ఇరుకుగా కనిపిస్తాయి, పక్కనుంచి తెలియదు. దీనికోసం సొంతంగా పట్టాలు, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే చోట్లు) తయారు చేసుకోవడం మొదటి లేఅవుట్‌కు అనవసరమైన పట్టుదల.

గదిని కొలవాల్సింది వంపులతో. పాత రకం ఐసీఎఫ్ కోచ్ 21.3 మీటర్లు, మోడల్‌లో 245 మిల్లీమీటర్లు. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ అయితే 270. వంపు వ్యాసార్ధం కోచ్ పొడవుకు మూడు రెట్లు ఉంటేనే బండి చూడటానికి బాగుంటుంది, కప్లింగులు ఊడవు. అంటే 75, 80 సెంటీమీటర్లు. 8×4 ప్లైవుడ్ బల్ల మీద అంచులు వదిలితే 22 అంగుళాల వంపు మించి పట్టదు. దాని మీద నాలుగు గూడ్సు డబ్బాలు సుఖంగా తిరుగుతాయి, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మాత్రం పాములా మెలికలు తిరుగుతుంది. అందుకే నడిగదిలో బల్ల వెయ్యొద్దు. గోడల చుట్టూ 20 అంగుళాల వెడల్పు అరలా కట్టండి, మూలల్లో 76 సెంటీమీటర్ల వంపు ఇవ్వండి. 10×12 గదిలో గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో ఒక చుట్టు వేస్తే సుమారు 11 మీటర్ల లైను వస్తుంది. అసలు కొలతలో అది ఒక కిలోమీటరు కూడా కాదు. ఈ లెక్క మనసులో ఉంటే అయిదు స్టేషన్లు పెట్టాలన్న ఆశ దానంతటదే తగ్గుతుంది. ఒక స్టేషను, ఒక సైడింగు (వ్యాగన్లు నిలిపే పక్క లైను), మిగతాదంతా పొలాలు, గుట్టలు.

డబుల్ లైనులో పట్టాల మధ్య నుంచి మధ్యకు 50 మిల్లీమీటర్లు మామూలు కొలత. దాన్నే వంపులోనూ పెడితే రెండు బండ్లు రాసుకునే ప్రమాదం ఉంది. ఐసీఎఫ్ కోచ్ వెడల్పు 37 మిల్లీమీటర్లు, కాబట్టి తిన్నని లైనులో మధ్య ఖాళీ 13. 76 సెంటీమీటర్ల వంపులో కోచ్ నడుము లోపలికి దాదాపు 5, చివరలు బయటికి 5 మిల్లీమీటర్లు జరుగుతాయి. మిగిలేది 3. వంపుల్లో 60 మిల్లీమీటర్లు ఇవ్వండి.

ఏ బండ్లు నడపాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మన ప్రాంతానికి బొగ్గు రేకు, అంటే బొగ్గు వ్యాగన్ల వరుస, సహజం. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ మోడల్‌లో 123 మిల్లీమీటర్లు. అసలు రేకులో 58, 59 వ్యాగన్లు ఉంటాయి. అన్నీ పెడితే 7 మీటర్ల బండి అవుతుంది, సగానికి పైగా గదిని చుట్టేస్తుంది. 14 వ్యాగన్లు, బ్రేక్‌వ్యాన్ (గార్డు డబ్బా), ముందు రెండు ఇంజిన్లు పెడితే కంటికి నిండుగా ఉంటుంది. లూప్ లైన్ల (బండి ఆగి ఇంకోదానికి దారిచ్చే పక్క లైన్ల) పొడవు ఈ బండినిబట్టి 2.4 మీటర్లు పెట్టుకోండి. అందులో ఫౌలింగ్ మార్కుల (బండి దాటి నిలిస్తే పక్క లైను బండికి తగిలే హద్దుల) మధ్య దూరమే లెక్క, పాయింట్ల పొడవు కలపకూడదు.

ఫ్రేము

చెక్క ఫ్రేముకు చెద భయం ఉంది, వానాకాలంలో ఉబ్బు ఉంది. వెల్డింగ్ షాపులో 1 అంగుళం చదరపు పైపుతో కట్టించడం మేలు. 16 గేజ్ 20 అడుగుల పైపులు 8 పడతాయి, కోతల్లో పోయేదానికి ఇంకొకటి తీసుకోండి. మొత్తం ఒకే ముక్కగా వెల్డ్ చేయిస్తే సెల్లార్ మెట్ల మలుపులో దిగదు. 6 అడుగుల ముక్కలుగా చేయించి ఎం8 బోల్టులతో కలపాలి. ప్రతి కాలి కింద ఎం10 బోల్టు పెట్టించండి, లెవెల్ సరిచేసుకోవడానికి. అడ్డపైపుల్లో వైర్లకు 12 మిల్లీమీటర్ల రంధ్రాలు రెడ్ ఆక్సైడ్ కొట్టకముందే వేయించాలి. ఎత్తు నేల నుంచి 44 అంగుళాలు. గోడకూ ఫ్రేముకూ మధ్య 2 అంగుళాలు వదలండి, గాలి ఆడాలి.

పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 3 షీట్లు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ గ్రేడే తీసుకోండి, కోసిన ప్రతి అంచుకూ పెయింటు పెట్టండి. ఎండీఎఫ్ చవక. ఒక్క వానాకాలం గడిస్తే అంచులు పూరీలా పొంగుతాయి. తలుపు దగ్గర వంగి దూరే ఏర్పాటు మొదట్లో సరదాగా ఉంటుంది, నడుం నొప్పి వచ్చాక ఉండదు. కబ్జాలు వేసి పైకి లేచే గేటు పెట్టండి, గేటు తెరిస్తే అటూ ఇటూ ఒక మీటరు లైనుకు కరెంటు కట్టయ్యేలా మైక్రోస్విచ్ కలపండి.

పట్టాలు

ప్లైవుడ్ మీద 5 మిల్లీమీటర్ల కార్క్ షీటు, దాని మీద ఫ్లెక్స్ ట్రాక్, అంటే కావాల్సినట్టు వంగే పట్టా. ఒక్కో ముక్క 914 మిల్లీమీటర్లు. డబుల్ లైను చుట్టుకు 24 ముక్కలు, లూపులకూ సైడింగుకూ 10. పాయింట్లు 8 చాలు. వంపు గీయడానికి 80 సెంటీమీటర్ల రీపరుకు ఒక చివర మేకు, 76 దగ్గర పెన్సిలుకు రంధ్రం. తిన్నని లైను నుంచి వంపులోకి ఒక్కసారిగా తిప్పకూడదు. వంపును 12 మిల్లీమీటర్లు లోపలికి జరిపి గీసి, రెండిటినీ కలుపుతూ కరెంటు వైరింగుకు వాడే కేసింగ్ పట్టీని వంచండి. పట్టీ దానంతటదే ఎక్కడ తిరుగుతుందో అదే సరైన గీత.

వంపులో వచ్చే జాయింట్లను రెండు ముక్కలూ తిన్నగా ఉన్నప్పుడే సోల్డర్ చేసి, ఆ తర్వాత వంచండి. వంచాక కలిపితే జాయింటు దగ్గర మొన తేలుతుంది, ప్రతి బండీ అక్కడే పడిపోతుంది. తిన్నని చోట్ల జాయింట్లకు సోల్డర్ వద్దు, సందు వదలాలి. నికెల్ సిల్వర్ పట్టా ఒక మీటరుకు 30 డిగ్రీల తేడాలో అర మిల్లీమీటరు సాగుతుంది. డిసెంబరులో వేస్తే విజిటింగ్ కార్డు మందాన సందు ఇవ్వండి. మేలో వేస్తే అందులో సగం చాలు. సందు లేకుండా బిగించిన లైను ఏప్రిల్ వచ్చేసరికి పక్కకు ఉబ్బుతుంది.

ఎడమ వంపు వెంటనే కుడి వంపు రాకూడదు, మధ్యలో ఒక కోచ్ పొడవు తిన్నగా ఉండాలి. లైను ఎక్కే వాలు 2 శాతం దాటొద్దు. ఒక లైను ఇంకోదాని మీదుగా పోవాలంటే 10 సెంటీమీటర్లు లేవాలి, దానికి 5 మీటర్లు కావాలి. ఈ గదిలో అంత చోటు లేదు, ఫ్లైఓవర్ ఆలోచన మానుకోవడమే మంచిది.

కరెంటు, కాజీపేట త్రిభుజం

పట్టాల జాయినర్లను నమ్మి కరెంటు పంపొద్దు. అవి నల్లబడగానే ఇంజిను గునుస్తుంది. బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల ఎరుపు, నలుపు వైర్లు రెండు చుట్టూ లాగండి. పట్టా ప్రతి ముక్క నుంచి 0.5 వైరు దానికి దిగాలి. రోజిన్ ఫ్లక్సే వాడండి, యాసిడ్ ఫ్లక్స్ నెలల్లో జాయింటును తినేస్తుంది. 25 వాట్ల ఐరన్‌తో పట్టా వేడెక్కేలోపు కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. 60 వాట్లతో రెండు సెకన్లలో తేల్చేయాలి, రెండు పక్కలా తడి దూది పెట్టి. డీసీసీ (ఒక్కో ఇంజినుకు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) అయితే అన్నీ కలిపాక అక్కడక్కడా పట్టాల మీద అడ్డంగా అయిదు రూపాయల నాణెం పెట్టి చూడండి. ప్రతిచోటా బూస్టర్ (పట్టాలకు కరెంటిచ్చే పెట్టె) టక్కున ట్రిప్ అవ్వాలి. ఎక్కడ ట్రిప్ కాలేదో అక్కడ వైరు సన్నం, లేదా సోల్డర్ పచ్చి.

బల్లార్షా నుంచి వరంగల్ పోయే బండి కాజీపేట జంక్షన్‌లోకి రాకుండానే వరంగల్ వైపు మళ్లిపోతుంది. సికింద్రాబాద్, బల్లార్షా, వరంగల్ మూడు దిక్కుల లైన్లు అక్కడ త్రిభుజంలా కలుస్తాయి. లేఅవుట్‌లో దాన్ని పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. గదిలో చోటు చిన్నది కాబట్టి మూడో కొమ్మ స్టబ్‌గా (కొంత దూరం పోయి ఆగిపోయే లైనుగా) మిగులుతుంది, అయినా అందం దానిదే. పెట్టిన వెంటనే షార్ట్ అవుతుంది. కారణం ఇది: త్రిభుజం చుట్టి వచ్చేసరికి కుడి పట్టా వచ్చి ఎడమ పట్టాను కలుస్తుంది. ఒక కొమ్మను రెండు చివరలా, రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు వేసి విడదీసి, ఆ ముక్కకు ఆటో రివర్సర్ (రెండు పట్టాల కరెంటును దానంతటదే అటూ ఇటూ మార్చే పరికరం) ద్వారా కరెంటు ఇవ్వాలి. ఆ ముక్క దాని మీదుగా పోయే బండి కన్నా పొడవుండాలి. బండి చక్రాలు ఒకేసారి రెండు చివర్ల సందులనూ దాటుతుంటే రివర్సర్ ఏ వైపు తిప్పాలో తేల్చుకోలేదు, మళ్లీ షార్ట్.

మామూలు డీసీ కంట్రోలరు వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. కరెంటు పోయినప్పుడు నాబ్ సున్నాకు తిప్పాలి. లేదంటే కరెంటు రాగానే బండి ఒక్క దూకు దూకి మూల వంపులో పడుతుంది.

కంకర, మట్టి, చెరువు

రైల్వే కంకర సుమారు 20 నుంచి 65 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు. గ్రానైట్ కోసే చోట్ల రాతిపొడి బస్తాల్లో దొరుకుతుంది. టీ జల్లెడలో రెండుసార్లు పట్టి, కడిగి, ఎండబెట్టండి. తర్వాత కవరులో చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద తిప్పండి. రంపపు ఇనుప రజను మిగిలితే ఇంజిను మోటారు అయస్కాంతం దాన్ని లోపలికి లాక్కుంటుంది. కంకర పరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి తడిపాక, ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో వదలండి. పాయింట్ బ్లేడ్ల దగ్గర జిగురు వద్దే వద్దు. పాయింటు బిగుసుకుపోతే తీసి పారేయడమే, దాని ధర అందరికీ తెలుసు.

గుట్టలకు థర్మోకోల్ చాలు, దాని మీద సాల్వెంటు జిగుర్లు, స్ప్రే పెయింటు పడితే తినేస్తాయి. పేపరు, ప్లాస్టర్ పొర వేశాకే రంగు. ఎర్రమట్టికి పెయింటు ఎందుకు, పొలం మట్టినే ఎండబెట్టి జల్లించి చల్లండి. చెరువుకు ఎపాక్సీ రెజిన్ 3 మిల్లీమీటర్ల పొరలుగా, రోజుకొకటి పోయాలి. ఒకేసారి మందంగా పోస్తే అది వేడెక్కి అడుగున థర్మోకోల్ కరుగుతుంది. వ్యాగన్లలోకి థర్మోకోల్ దిమ్మె మీద బొగ్గుపొడి అంటించండి. ఒక్కో వ్యాగన్ బరువు 28 గ్రాములు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి 14 చొప్పున ఉండాలి. బాక్స్‌ఎన్‌కు అది దాదాపు 96 గ్రాములు. తేలిక వ్యాగన్ వంపులో లోపలికి లాగబడి పడుతుంది.

కరెంటు స్తంభాలు చివరిగా పెట్టండి. అసలు లైన్లలో తిన్నని చోట స్తంభాల మధ్య 72 మీటర్ల దాకా ఉంటుంది, అంటే మోడల్‌లో 83 సెంటీమీటర్లు. కంటికి 50 బాగుంటుంది. తీగ పట్టా నుంచి 63 మిల్లీమీటర్ల ఎత్తులో, 0.4 ఇత్తడి తీగతో. ముందే పెడితే చొక్కా చేతులకు తగిలి రోజుకొకటి విరుగుతుంది.

పట్టాలను ఎమెరీ పేపరుతో తోమకండి. ఆ గీతల్లో మురికి ఇంకా గట్టిగా దిగుతుంది. నూలు గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి వారానికోసారి తుడిస్తే సరి. బల్లుల రెట్ట పట్టాల మీద పడితే వెంటనే తీయండి, లోహాన్ని మచ్చ చేస్తుంది. బల్ల కింది వైర్లను ఫ్లెక్సిబుల్ పైపులో వేస్తే ఎలుకలు కొరకవు. మూలల్లో మట్టి గీతలు కనిపించాయా అని నెలకోసారి టార్చ్ వేసి చూడండి. ఇనుప కాళ్ల మీదుగా కూడా చెద మట్టి గొట్టం కట్టుకుని ప్లైవుడ్ దాకా ఎక్కుతుంది.