ఇంటికి ఇంకో గది కలపాలంటే ముందుగా ఏం చూసుకోవాలి?

ఇల్లు చాలటం లేదనిపించగానే అందరం అడిగే మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అని. అసలు అడగాల్సింది "ఈ ఇంటికి అది కుదురుతుందా?" అని. ఉన్న ఇల్లు కొత్త బరువు మోయగలదా, నియమాలు ఒప్పుకుంటాయా అన్నది తేలకముందే ప్లాన్ గీయించుకుంటే ఆ బొమ్మ మీద ఆశ పెరిగిపోతుంది. తర్వాత ఎవరు కుదరదన్నా వినబుద్ధి కాదు. అందుకే పరీక్షలు ముందు, ప్లాన్ తర్వాత.

1. అవసరాన్ని కాగితం మీద పెట్టండి

"ఇంకో గది కావాలి" అంటే సరిపోదు. ఆ గదిలో ఎవరుంటారు, ఎన్నేళ్లుంటారు, ఏ వేళల్లో వాడతారు అన్నవి రాయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసమైతే పై అంతస్తులో గది ఎంత తక్కువలో వచ్చినా పనికిరాదు. ఒక్కోసారి రాస్తుండగానే అసలు సంగతి బయటపడుతుంది. పాత సామాన్లతో నిండిన గదిని ఖాళీ చేసినా, పెద్ద హాలుకి అడ్డంగా ఒక పార్టిషన్ పెట్టినా పని జరిగిపోతుందని తెలుస్తుంది. అలా తెలిస్తే అంతకన్నా కావాల్సిందేముంది?

2. అనుమతి వస్తుందో లేదో కనుక్కోండి

సరిహద్దు నుంచి ఎంత ఖాళీ వదలాలి, స్థలంలో మొత్తం ఎంత విస్తీర్ణం కట్టొచ్చు, ఎంత ఎత్తు వరకు లేపొచ్చు అన్న మూడు విషయాలూ భవన అనుమతులిచ్చే స్థానిక కార్యాలయంలో అడగండి. వెళ్లేటప్పుడు పాత ప్లాన్ తీసుకెళ్లండి. ముందుగా ఆ ప్లాన్‌ని చేత్తో పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. ప్లాన్‌లో లేని వరండా, మెట్లు, షెడ్డు ఏవైనా తర్వాత కట్టి ఉంటే కొత్త అనుమతి దగ్గర అవే అడ్డుపడతాయి. ఇంటి మీద లోనుంటే బ్యాంకుకి, బీమా ఉంటే ఆ సంస్థకి చెప్పాలేమో పత్రాల్లో చూసుకోండి.

3. పునాది మాట ఇంజినీర్‌తో తేల్చుకోండి

తొందరపడకూడని మెట్టు ఇదే.

ముందుగా బరువెంతో చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న ఒక్క గదికి 5 అంగుళాల స్లాబ్ వేస్తే దాని బరువే దాదాపు మూడున్నర టన్నులు. ఇక గోడలు: 9 అంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తున నాలుగు వైపులా లేపితే, తలుపులూ కిటికీలూ తీసేసినా 15 టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. అంటే స్లాబ్ కన్నా గోడలే దాదాపు నాలుగు రెట్లు బరువు. ఈ సంగతి తెలిస్తే ఒక దారి కూడా కనిపిస్తుంది. గోడ మందం సగం చేసినా, ఏఏసీ అనే తేలికపాటి సిమెంటు బ్లాకులు వాడినా కుదరదనుకున్నది కుదరొచ్చు. అంతే గోడకి ఆ బ్లాకులు మామూలు ఇటుకలో దాదాపు మూడో వంతు బరువే ఉంటాయి. అయితే ఆ నిర్ణయం ఇంజినీర్‌ది. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే నీళ్ల బరువే ఒక టన్ను. దాన్నీ లెక్కలో చేర్చమనండి.

మీ ఇంటి బరువుని మోస్తున్నది పిల్లర్లా, గోడలా? స్లాబ్ నేరుగా గోడల మీద కూర్చుని, మధ్యలో పిల్లర్లూ బీములూ లేకపోతే అది గోడలు మోసే ఇల్లు. అలాంటి ఇంట్లో గది పెద్దది చేద్దామని గోడ కొట్టడం ప్రమాదం. ఇంజినీర్ చూసి చెప్పేదాకా ఒక్క ఇటుక కూడా కదపొద్దు.

ఇంజినీర్ వచ్చేలోపు మీరు చూడగలిగినవి కొన్నున్నాయి. స్లాబ్ అడుగున పెచ్చులూడుతున్నాయా, తుప్పు మరకలున్నాయా చూడండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టితే డొల్ల శబ్దం వచ్చే చోట లోపల కాంక్రీటు విడిపోయి ఉండొచ్చు. గోడలో బీట ఉంటే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక కూడా బీట ఆ గీతల్లోపలే ఉంటే మంచిదే. గీత దాటి సాగితే ఇల్లు ఇంకా కదులుతోందని అర్థం. నల్లరేగడి నేల వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది కాబట్టి అక్కడ ఈ గీతలు మరీ అవసరం.

"పిల్లర్ల మీద చువ్వలు వదిలే ఉన్నాయి కదా, పై అంతస్తుకి ఢోకా లేదు" అంటుంటారు. చువ్వలుండటం పైన కట్టాలనుకున్నారనడానికి గుర్తు, అంతే. పునాది అంత బరువుకి వేశారో లేదో వాటిని చూస్తే తెలియదు. పైగా ఏళ్ల తరబడి వానకి తడిసి తుప్పు పట్టి ఉంటాయి. కొత్త చువ్వని పాతదానికి జతచేయాలంటే చువ్వ మందానికి సుమారు 40 నుంచి 50 రెట్లు పొడవు కావాలి. 16 మిల్లీమీటర్ల చువ్వకైతే రెండడుగుల పైమాటే. నమ్మదగ్గ ఇంజినీర్ ఒక పిల్లర్ పక్కన గొయ్యి తీయించి పునాది లోతు, వెడల్పు స్వయంగా కొలుస్తారు. అవసరమైతే కాంక్రీటు గట్టిదనాన్ని, నేల బలాన్ని పరీక్ష చేయిస్తారు. డాబా మీద నిలబడి చూసి "కట్టేయండి" అనే మాట మీద అంతస్తు లేపకండి. అనుభవమున్న మేస్త్రీ మాట విలువైనదే, కానీ లెక్క కట్టి సంతకం పెట్టాల్సింది ఇంజినీర్.

4. పక్కకి పెంచుతుంటే అతుకు దగ్గర జాగ్రత్త

పాత ఇల్లు కుదురుకోవాల్సినంత ఎప్పుడో కుదురుకుంది. కొత్త భాగం కట్టాక ఇంకా కొంత కిందికి దిగుతుంది. రెండింటినీ ఆలోచించకుండా కలిపేస్తే అతుకు పొడవునా చీలిక వచ్చి, అందులోంచే నీళ్లు దిగుతాయి. మధ్యలో ఖాళీ వదిలి సాగే గుణమున్న సీలెంట్‌తో మూయాలా, చువ్వలతో కలపాలా అన్నది ప్లాన్‌లోనే రాయించుకోండి. పాత పునాది పక్కన దానికన్నా లోతుగా తవ్వాల్సి వస్తే, కిందున్న మట్టి జారకుండా ఆపు ఏర్పాటు ముందే ఉండాలి.

5. నేల మీద సున్నంతో గీసి చూడండి

కొత్త గదిని అసలు కొలతలతో గీసి, అందులో మంచం, బీరువా ఎంత జాగా తీసుకుంటాయో అట్టముక్కలు పరిచి చూడండి. బీరువా తలుపు తెరిచాక మనిషి నిలబడే చోటు మిగలాలి. ఇంకో పడకగది లోంచి నడిస్తే తప్ప చేరలేని గదిని ఎవరూ ఇష్టంగా వాడరు. కొత్త గోడ ఏ పాత కిటికీని మూసేస్తోందో కూడా చూడండి. ఒక గది సంపాదించి రెండో గదిని చీకటి చేసుకోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

6. నీళ్లు, కరెంటు

బాత్రూమ్ ఉంటే మురుగు పైపుకి అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు పెట్టుకోండి. 20 అడుగుల దూరమంటే 5 అంగుళాల దిగుడు. అంత పల్లం దొరక్కపోతే బాత్రూమ్ చోటే మార్చాలి. ఏసీ, గీజర్ పెడితే ఇప్పుడున్న కరెంటు లోడు చాలుతుందా అని ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

7. ఇప్పుడు డబ్బు

ఇంతదాకా అన్నిటికీ సరేననే జవాబు వస్తే అప్పుడు ప్లాన్ గీయించి, ఒకే ప్లాన్, ఒకే సామాను జాబితా ఇచ్చి ముగ్గురి దగ్గర అంచనాలు తీసుకోండి. జాబితాలు వేరైతే ధరలు పోల్చి లాభం లేదు. పాత ఇంటికి పని చేసేటప్పుడు గోడ తెరిస్తేగానీ తెలియని ఖర్చులుంటాయి కాబట్టి అంచనాకి పైన 15 నుంచి 20 శాతం పక్కన పెట్టండి. పని జరిగేటప్పుడు వేరే చోట ఉండాల్సి వస్తే ఆ అద్దె, పాత భాగానికి మళ్లీ రంగులు, చెత్త తరలింపు కూడా రాసుకోండి. చెల్లింపులు నెలల లెక్కన కాకుండా పునాది, గోడలు, స్లాబ్ అని పూర్తయిన పనిని బట్టి ఉండేలా ఒప్పందం రాయించుకోండి. వాటర్‌ప్రూఫింగ్‌కి కేటాయించిన ఆఖరి వాయిదాని, అతుకు మీద నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ రాలేదని చూశాకే ఇవ్వండి.