బిట్‌ఫీల్డ్‌లు: కంపైలర్ మారగానే విలువలు మారిపోతుంటే

సమస్య: ప్యాకెట్ హెడర్‌లోని పక్కపక్క ఫీల్డ్‌ల విలువలు తారుమారుగా వస్తున్నాయి

ఐపీవీ4 (ఇంటర్నెట్ ప్రొటోకాల్ నాలుగో వెర్షన్) ప్యాకెట్ హెడర్‌లో మొదటి బైట్ సాధారణంగా హెక్స్ 45గా ఉంటుంది. పై నాలుగు బిట్లలోని 4 వెర్షన్ సంఖ్య కాగా, కింది నాలుగు బిట్లలోని 5 హెడర్ పొడవును, అంటే ఐదు 32-బిట్ పదాలను, 20 బైట్లను తెలుపుతుంది. ఐపీవీ4ను నిర్వచించే పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 791 బొమ్మలో ఉన్న వరుసనే పాటించి, సీ భాష స్ట్రక్చర్‌లో బిట్‌ఫీల్డ్‌లుగా (ఇన్ని బిట్లు అని వెడల్పు చెప్పి ప్రకటించే ఫీల్డ్‌లుగా) ముందు వెర్షన్‌కు, తర్వాత పొడవుకు నాలుగేసి బిట్లు కేటాయిస్తే, బిగ్ ఎండియన్ (పెద్ద విలువ గల బైట్ ముందుండే) పవర్‌పీసీ లైనక్స్‌లో సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ ఇంటెల్ యంత్రంపై వెర్షన్ 5, పొడవు 4 అని చదువుతుంది. వెర్షన్‌ను సరిచూసే కోడ్ ఉంటే తప్పు వెంటనే బయటపడుతుంది. లేకపోతే టీసీపీ హెడర్ 16వ బైట్ దగ్గరే మొదలైందని ప్రోగ్రామ్ భావించి, గమ్యం చిరునామానే పోర్ట్ సంఖ్యలుగా చదువుతుంది. ఆ చిరునామా 192.168.1.10 అయితే సోర్స్ పోర్ట్ 49320 అని వస్తుంది. అది నిజమైన పోర్ట్ సంఖ్యలాగే కనిపిస్తుంది కాబట్టి ఈ లోపాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

కారణం: బిట్‌ఫీల్డ్‌లను సర్దే నిల్వ యూనిట్‌లో బిట్లను ఏ వైపు నుంచి నింపాలో సీ ప్రమాణం చెప్పదు, ఆ నిర్ణయాన్ని కంపైలర్‌కు వదిలేస్తుంది. ఎన్‌టీఓహెచ్‌ఎల్ వంటి ఫంక్షన్లు బైట్ల వరుసను మార్చగలవే గానీ, ఒకే బైట్ లోపలి బిట్ల విషయంలో ఏమీ చేయలేవు. లైనక్స్ కెర్నల్ ఐపీ హెడర్ నిర్వచనంలో ఈ రెండు ఫీల్డ్‌లను మాక్రోల సాయంతో రెండు వరుసల్లోనూ రాసుకున్నది ఇందుకే.

పరిష్కారం: కెర్నల్ పద్ధతిని అనుకరించమని నేను చెప్పను. బైట్‌ను గుర్తులేని (అన్‌సైన్డ్) 8-బిట్ విలువగా చదివి, నాలుగు బిట్లు కుడికి జరిపితే వెర్షన్ వస్తుంది. హెక్స్ 0ఎఫ్ మాస్క్ వేసి నాలుగుతో గుణిస్తే బైట్లలో పొడవు వస్తుంది. ఈ కోడ్ ఏ కంపైలర్‌లోనైనా ఒకే ఫలితాన్నిస్తుంది.

సమస్య: ఫ్లాగ్‌లో 1 వేసినా, 1తో పోల్చినప్పుడు సమానం కాదంటోంది

ఫీల్డ్‌ను ఉత్త ఇంట్‌గా ప్రకటించి ఉంటారు. దానికి ప్లస్/మైనస్ గుర్తు ఉంటుందా లేదా అన్నదీ కంపైలర్ ఇష్టమే. జీసీసీ కంపైలర్ మామూలుగా గుర్తు ఉన్నట్టే తీసుకుంటుంది కనుక ఒక్క బిట్‌లో 0, −1 మాత్రమే పడతాయి. అన్‌సైన్డ్ అని స్పష్టంగా రాయండి.

సమస్య: విండోస్‌లో రాసిన ఫైల్‌ను లైనక్స్‌లో చదివితే రికార్డులు జరిగిపోతున్నాయి

నాలుగు బిట్ల అన్‌సైన్డ్ క్యార్ తర్వాత నాలుగు బిట్ల అన్‌సైన్డ్ ఇంట్ ఉన్న స్ట్రక్చర్‌కు ఇంటెల్ లైనక్స్‌లో జీసీసీ 4 బైట్లు ఇస్తుంది. రకం సైజు మారినప్పుడల్లా కొత్త యూనిట్ మొదలుపెట్టే మైక్రోసాఫ్ట్ కంపైలర్ 8 బైట్లు ఇస్తుంది. స్ట్రక్చర్‌ను ఉన్నదున్నట్టు ఫైల్‌లోకి రాయడం మానేసి, ఒక్కో ఫీల్డ్‌నూ విడిగా బైట్లలోకి సర్ది రాయాలి.

సమస్య: ఒక థ్రెడ్ రాసిన ఫ్లాగ్ అప్పుడప్పుడు మాయమవుతోంది

పక్కపక్కనే ఉన్న బిట్‌ఫీల్డ్‌లను సీ11 (2011 నాటి సీ ప్రమాణం) ఒకే మెమరీ స్థానంగా లెక్కిస్తుంది. ఒక బిట్‌ను మార్చడానికి కూడా ప్రాసెసర్ మొత్తం యూనిట్‌ను చదివి, మార్చి, తిరిగి రాస్తుంది కనుక, ఆ మధ్యలో వేరే థ్రెడ్ పక్క బిట్‌లో రాసినది చెరిగిపోతుంది. రెండింటినీ ఒకే లాక్ కిందికి తీసుకురండి, లేదా వాటి మధ్య సున్నా వెడల్పుగల పేరులేని ఫీల్డ్ పెట్టి వేరుచేయండి. అయితే ఈ రెండో మార్గానికి సీ11 నియమాలను పాటించే కంపైలర్ తప్పనిసరి: 2012లో ఐటానియం యంత్రాలపై జీసీసీ ఒక్క బిట్ కోసం 64 బిట్లనూ తిరిగి రాసి, లైనక్స్‌లోని బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ స్ట్రక్చర్‌లో పక్కనే ఉన్న స్పిన్‌లాక్‌ను (ఖాళీ అయ్యేదాకా పదేపదే చూస్తూ వేచి ఉండే లాక్‌ను) పాడుచేసింది.