ఫొటోలో గరుకు కనబడట్లేదా? సమస్యలు - పరిష్కారాలు

సమస్య: వరంగల్ కోట రాతిగోడ ఫొటోలో సున్నం కొట్టినట్టు సాపుగా వస్తోంది.

కారణం: లెన్స్ కాదు, ఎండ పడే దిక్కు. ఉలిదెబ్బలు, పగుళ్లు నీడ వల్లే కనబడతాయి. వెలుతురు గోడకు ఎదురుగా పడితే ఆ నీడలు రాయి వెనకే దాక్కుంటాయి. ఫ్లాష్ వేసినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: ఎండ గోడను రాసుకుంటూ జారే వేళకు వెళ్లాలి. "పొద్దున్నే తీయండి" అనే సలహా అన్నిటికీ కుదరదు. తూర్పు ముఖంగా ఉన్న గోడకు ఏడింటి ఎండ సూటిగా తగులుతుంది; దాన్ని పదకొండు, పదకొండున్నర మధ్య తీయండి. దక్షిణపు గోడకు చలికాలం పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండ బాగుంటుంది. ముగ్గు, అలికిన వాకిలి, పరుపుబండ లాంటి నేలమీది వాటికే పొద్దు పొడిచిన మొదటి గంట. మబ్బు పట్టిన రోజు గోడల జోలికి పోకపోవడమే మేలు.

కెమెరాను గోడకు సమాంతరంగా పట్టి, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు) దగ్గర తీస్తే అంచులు కూడా పదునుగా వస్తాయి. ఎఫ్/16 దాటితే మొత్తం కాస్త మెత్తబడుతుంది.

సమస్య: వేయిస్తంభాల గుడి నల్లరాయి బూడిదరంగులో, మెరుపుల మరకలతో వస్తోంది.

ఇక్కడ కారణాలు రెండు. నలుపును చూసి మీటరు (కెమెరాలో వెలుతురు కొలిచేది) వెలుతురు చాలలేదనుకుని ఎక్కువ తీసుకుంటుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) -0.7 నుంచి -1కి దించండి. మెరుపు నునుపుదనం వల్ల వచ్చేది. స్తంభానికి 35 డిగ్రీల వాలులో నిలబడి పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పితే చాలావరకు పోతుంది. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి ఐఎస్ఓ (వెలుతురును పట్టే శక్తి) 1600, షట్టర్ వేగం 1/60 సెకను పెట్టుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. స్తంభానికి మాత్రం ఆనుకోవద్దు.

పెంబర్తి ఇత్తడి రేకు పనికి పోలరైజర్ పనికిరాదు, లోహపు మెరుపును అది ఆపలేదు. ఒక పక్క తెల్ల థర్మాకోల్ షీటు, రెండో పక్క నల్లగుడ్డ పెడితే నగిషీ గీతలు తేలతాయి.

సమస్య: ఎనుమాముల మార్కెట్లో మిర్చి కుప్ప ఎర్రటి ముద్దలా వచ్చింది, కాయ ముడతలు లేవు.

కారణం: ఎరుపు ఛానల్ (ఫొటోలో ఎరుపును మాత్రమే నమోదు చేసే భాగం) నిండిపోయింది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు పంపకాన్ని చూపే గ్రాఫు) బాగానే కనబడుతుంది, అక్కడే మోసపోతాం.

పరిష్కారం: ఎరుపు హిస్టోగ్రామ్ విడిగా చూస్తూ -1 దాకా దించండి. ఫోన్‌లో బాగా ఎండ పడ్డ కాయమీద నొక్కి, వెలుతురు గీతను కిందికి లాగండి. నీలం టార్పాలిన్ కింద కుప్ప ఉంటే రంగే మారిపోతుంది, బయట కుప్ప చూసుకోండి. పత్తికి ఇది తిరగబడుతుంది: తెలుపు మసకబారకుండా +1 దగ్గర మొదలుపెట్టి, పోగులు తెల్లబారి మాయమైతే తగ్గించాలి.

సమస్య: కొత్తవాడ దర్రీ (జంపఖానా) మీద లేని రంగుల అలలు.

నేత గళ్లు, కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ గళ్లు ఒకదానితో ఒకటి కలబడటం వల్ల వచ్చేవివి. అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా కోణం మార్చండి. చిన్న స్క్రీన్‌లో మాత్రమే కనబడితే ఫొటోను పూర్తిగా పెద్దది చేసి చూశాకే తొలగించండి.

సమస్య: ఫోన్‌లో గోనెసంచి పీచు మైనంలా కరిగిపోతోంది.

మరీ దగ్గరికెళితే చాలా ఫోన్లు తమంతట తామే అల్ట్రావైడ్ లెన్స్‌కు మారతాయి. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ వాడండి. బ్యూటీ, నైట్ మోడ్ ఆపేసి, ప్రో మోడ్‌లో రా ఫైలు (ఫోన్ మెరుగులు దిద్దని ఫొటో) తీసుకోండి. అప్పటికీ కరిగితే లెన్స్ అద్దం తుడవండి, జేబులో నూనె మరక అంటుకుని ఉంటుంది.