యూదుల వివాహం: ఏర్పాట్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఆచారం ఎందుకు పాటిస్తారు

యూదుల వివాహానికి పూనుకున్నవారు మొదట రబ్బీని (యూదు మతగురువును) సంప్రదించి, ఆ తరువాత తేదీ నిర్ణయించుకుని, ఆపైనే హాలుకు అడ్వాన్సు ఇవ్వాలి. యూదుల ధర్మశాస్త్రం దృష్టిలో వివాహం ప్రధానంగా ఇద్దరు సాక్షుల ఎదుట జరిగే న్యాయబద్ధమైన కార్యం. పాటలు, నాట్యాలు, విందు ఆ కార్యం చుట్టూ శతాబ్దాలుగా పెరిగిన శోభ. ఏది విధి, ఏది ఆచారం అన్న తేడా తెలిస్తే ఎక్కడ సర్దుకుపోవచ్చో, ఎక్కడ కూడదో తెలుస్తుంది. అమెరికాలో యూదు కుటుంబాలతో వియ్యమందుతున్న తెలుగువారికి ఈ తేడా తెలిసి ఉండటం మరీ అవసరం.

రబ్బీతో జరిగే మొదటి సమావేశంలోనే మూడు విషయాలు దాచకుండా చెప్పాలి. వధూవరులిద్దరూ యూదులేనా అన్నది మొదటిది. సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థడాక్స్, మధ్యేమార్గపు కన్సర్వేటివ్ శాఖల రబ్బీలు మతాంతర వివాహం జరిపించరు. ఉదారవాద రిఫార్మ్ శాఖలో చాలామంది జరిపిస్తారు కానీ నిర్ణయం ఆయా రబ్బీలదే. ఇద్దరిలో ఎవరికైనా ఇంతకుముందు వివాహమైందా అన్నది రెండవది. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ సంప్రదాయాలలో కోర్టు విడాకులు ఒక్కటే సరిపోవు. భర్త భార్యకు ఇచ్చే 'గెట్' అనే విడాకుల పత్రం కూడా ఉండాలి. వరుడు అహరోను వంశపు యాజక కుటుంబానికి చెందిన 'కొహేన్' అవునా కాదా అన్నది మూడవది. కొహేన్ అయినవాడు విడాకులు పొందిన స్త్రీని గాని, మతం స్వీకరించి యూదురాలైన స్త్రీని గాని వివాహమాడటాన్ని ఆర్థడాక్స్ విధి అనుమతించదు. పెళ్లి తేదీ కోసం హడావుడిగా మతమార్పిడికి సిద్ధపడటం మంచిది కాదు. దానికి నెలల తరబడి అధ్యయనం కావాలి, పైగా అది మనసు సిద్ధమైనప్పుడు చేయవలసిన పని.

దేశ చట్టాన్ని కూడా ముందే చూసుకోవాలి. అమెరికాలో స్థానిక ప్రభుత్వ కార్యాలయం నుంచి లైసెన్సు తెచ్చుకుంటే దానిపై రబ్బీ సంతకం చేస్తారు. ఇజ్రాయెల్‌లో పౌర వివాహ పద్ధతి లేదు. 1953 నాటి చట్టం ప్రకారం యూదుల వివాహాలు, విడాకులు రబ్బీల న్యాయస్థానాల పరిధిలోకి వస్తాయి. అందువల్ల ఆ మార్గంలో వీలుపడనివారు ఎందరో సైప్రస్ వంటి చోట్లకు వెళ్లి వివాహం చేసుకుని, తిరిగివచ్చి నమోదు చేయించుకుంటారు.

తేదీ విషయంలో ఓపిక కావాలి. యూదుల పంచాంగం చాంద్రసౌరమానం. మన అధికమాసం లాగానే దానిలోనూ 19 సంవత్సరాలకు ఏడు అధిక మాసాలు వస్తాయి కాబట్టి పండుగల ఇంగ్లీషు తేదీలు ఏటా మారుతుంటాయి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే వరకు ఉండే సబ్బాతులో వివాహం జరగదు. నూతన సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం, వారాల పండుగ రోజుల్లోనూ, పస్కా, పర్ణశాలల పండుగలు జరిగినన్నాళ్లూ జరగదు. పస్కాకూ వారాల పండుగకూ మధ్యనున్న ఓమెర్ రోజుల్లో చాలా భాగాన్ని అనేక సమాజాలు శోకకాలంగా పాటిస్తాయి. వాటిలో 33వ రోజున అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) వివాహాలు చేస్తారు. తమ్మూజు నెల 17 నుంచి ఆవ్ నెల 9 వరకు ఉండే మూడు వారాలు యెరూషలేము దేవాలయ విధ్వంసాన్ని స్మరించే కాలం. 2026లో అవి జూలై 2 నుంచి 23 వరకు వస్తాయి. సెఫార్డీలలో (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదులలో) చాలామంది ఈ నిషేధాన్ని ఇంకా తక్కువ రోజులకే పరిమితం చేస్తారు గనుక రబ్బీని అడిగి తెలుసుకోవాలి.

తెలుగు పద్ధతిలో కూడా వివాహం జరపాలనుకునేవారు రెండు పంచాంగాలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 2025లో శ్రావణం జూలై 25న మొదలుకాగా, ఆవ్ 9 శనివారం కావడంతో దాని ఉపవాసం మరునాడు ఆగస్టు 3న వచ్చింది. అంటే శ్రావణ ముహూర్తాలలో తొలి పది రోజులు యూదులకు శోకదినాలు. శనివారం రాత్రి వివాహం చేయవచ్చు గాని, వేసవిలో న్యూయార్క్ వంటి చోట సబ్బాతు ముగిసేసరికే తొమ్మిది దాటుతుంది కాబట్టి ఆదివారం సుఖం. మంగళవారాన్ని శుభంగా భావించేవారు కూడా ఉన్నారు. ఆదికాండములో మూడవ దినాన్ని గురించి 'మంచిది' అన్న మాట రెండుసార్లు రావడమే దానికి కారణం.

ఇక కెతుబా. ఇది సంప్రదాయంగా అరామిక్ భాషలో రాసే వివాహ పత్రం. భార్యకు ఆహారం, వస్త్రాలు, దాంపత్య హక్కులు సమకూర్చే బాధ్యతను, వివాహం ముగిస్తే ఆమెకు చెల్లించవలసిన మొత్తాన్ని భర్త దీనిలో అంగీకరిస్తాడు. తొలి వివాహానికి ఆ మొత్తం 200 జూజులని (జూజు అంటే ప్రాచీన వెండి నాణెం), యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తల్మూదు కాలం నుంచీ ఉన్న నియమం. స్త్రీకి ఆస్తి భద్రత కల్పించిన పత్రంగా దీన్ని ఎంతో గౌరవించాలని నా అభిప్రాయం. చిత్రకారుల చేత అలంకరింపజేసి గోడకు తగిలించుకునే ఆనవాయితీ ఉన్నందున అందం మీదే దృష్టి పోతుంది కానీ, అసలు జాగ్రత్త పాఠం విషయంలో ఉండాలి. ఇద్దరి హీబ్రూ పేర్లు, తండ్రుల పేర్లు, ఊరి పేరు, హీబ్రూ తేదీ సరిగా ఉన్నాయో లేదో ముద్రణకు ముందే రబ్బీకి చూపించాలి. యూదుల దినం సూర్యాస్తమయంతో మారుతుంది కాబట్టి, సాయంత్రం వివాహం ఆలస్యమై చీకటి పడితే పత్రంలోని తేదీ తప్పిపోయే ప్రమాదం ఉంది; అందుచేత సంతకాల సమయాన్ని కూడా కార్యక్రమ పట్టికలో రాసుకోవాలి. ఆర్థడాక్స్ పద్ధతిలో సాక్షులు మతనియమాలు పాటించే ఇద్దరు యూదు పురుషులై ఉండాలి. వారు వధూవరులకు గాని, ఒకరికొకరు గాని బంధువులు కాకూడదు. వరుసగా అందరూ బంధువులే ఉన్న పెళ్లిలో ఇది తేలిక కాదు. మరొకరిని అదనంగా సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

వివాహ దినాన వధూవరులు ఉపవాసం ఉండటం అష్కెనాజీ ఆచారం. ఆ రోజు వారి పాలిట ప్రాయశ్చిత్త దినం వంటిదని నమ్మకం. కెతుబా మీద సంతకాలైన తరువాత వరుడు వచ్చి వధువు ముఖం చూసి మేలిముసుగు కప్పుతాడు. బైబిలులో లాబాను మోసగించి రాహేలుకు బదులు లేయాను యాకోబుకు ఇచ్చిన కథను ఇది గుర్తుచేస్తుంది. తరువాత అందరూ హుప్పా దగ్గరికి చేరుతారు. నాలుగు కర్రల మీద వస్త్రం పరచిన ఈ పందిరికి నాలుగు వైపులా తెరపి ఉంటుంది. అతిథుల కోసం ఎప్పుడూ తెరచి ఉండే అబ్రాహాము గుడారానికి అది గుర్తు అంటారు. ప్రార్థనలో కప్పుకునే తాత గారి తాలీత్‌నే పైవస్త్రంగా కట్టే కుటుంబాలు ఉన్నాయి. ఆరుబయట కడితే గాలికి నిలిచేలా కర్రలకు గట్టి ఆధారం ఉండాలి, లేదా పట్టుకోవడానికి నలుగురిని ముందే నియమించుకోవాలి.

హుప్పా కింద రెండు ఘట్టాలు జరుగుతాయి. పూర్వం వాటి మధ్య ఏడాది వరకు వ్యవధి ఉండేది, మధ్యయుగాలలో ఒకే రోజుకు చేర్చారు. మొదటిదైన కిద్దుషీన్‌లో ద్రాక్షారసం మీద ఆశీర్వచనం అయ్యాక వరుడు వధువు కుడిచేతి చూపుడు వేలికి ఉంగరం తొడిగి, మోషే, ఇశ్రాయేలు ధర్మం ప్రకారం ఆమె తనకు ప్రతిష్ఠితురాలైందని హీబ్రూలో పలుకుతాడు. ఉంగరం వరుడి సొంతమై ఉండాలి, రాళ్లు పొదగనిదై ఉండాలి. విలువ విషయంలో సందేహానికి తావివ్వకూడదన్నది కారణం. అప్పు తెచ్చిన ఉంగరం చెల్లదు కాబట్టి కుటుంబపు పాత ఉంగరం వాడదలచినవారు దాన్ని ముందుగా వరుడికి పూర్తిగా దానం చేయాలి. తరువాత కెతుబాను బిగ్గరగా చదువుతారు. రెండవ ఘట్టంలో రెండవ పాత్ర ద్రాక్షారసం మీద ఏడు ఆశీర్వచనాలు చెబుతారు. చివరికి వరుడు గాజు పాత్రను కాలితో పగలగొడతాడు. క్రీ.శ. 70లో కూలిన దేవాలయాన్ని ఎంతటి ఆనందంలోనూ మరువరాదన్నదే దీనికి చెప్పే ప్రధాన కారణం. పాత్రను గుడ్డలో చుట్టి ఇవ్వడం ఎవరి పనో ముందే నిర్ణయించాలి. ఆ చప్పుడుతో అందరూ 'మజెల్ తోవ్' (శుభాకాంక్షలు) అంటారు. అష్కెనాజీ పద్ధతిలో ఆ వెంటనే దంపతులు కాసేపు ఒక గదిలో ఏకాంతంగా ఉండి ఉపవాసం విరమిస్తారు. ఆ గదిలో భోజనం పెట్టించడం మరచిపోకూడదు.

విందు కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం చేసినది) అయితే వంటవారినీ, ద్రాక్షారసాన్నీ రబ్బీ ఆమోదంతోనే ఎంచుకోవాలి. మాంసం వడ్డించే విందులో పాలు, నెయ్యి, పెరుగు ఉండవు; కాబట్టి తెలుగు బంధువులు ఇంటి నుంచి మిఠాయిలు తీసుకురావద్దని ముందే తెలియజేయడం మర్యాద.

ఈ ఆచారాలు అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండవు. యెమెన్, మొరాకో యూదులు పెళ్లికి ముందు గోరింటాకు వేడుక జరుపుతారు. మహారాష్ట్రకు చెందిన బెనె ఇజ్రాయెల్ సమాజం మెహందీతోపాటు ఏలీయా ప్రవక్త పేరున అటుకులు, కొబ్బరి, పండ్లతో 'మలీదా' అనే కృతజ్ఞతార్పణ చేస్తుంది. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తమను ఇశ్రాయేలు వంశీయులుగా భావించే బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమాజం కూడా ఉంది.

పెళ్లి తరువాత ఏడు రోజుల పాటు బంధుమిత్రులు వంతులవారీగా విందులిచ్చి, ప్రతి విందులోనూ ఆ ఏడు ఆశీర్వచనాలనే మళ్లీ చెబుతారు. అందుకు ఆర్థడాక్స్ పద్ధతిలో పదిమంది వయోజన పురుషులు ఉండాలి. అంతకుముందు ఈ వేడుకలకు రాని కొత్త అతిథి ఒకరైనా ఉండాలి. సబ్బాతు నాడు మాత్రం ఆ దినాన్నే కొత్త అతిథిగా పరిగణిస్తారు. కాబట్టి పెళ్లికి రాలేకపోయిన బంధువుల జాబితాను వంతుల పట్టికతోపాటే సిద్ధం చేసుకోవాలి.