పునాదికి ముందు బండికి ముగ్గు పోయండి

దుకాణాల సముదాయం కట్టాలని నా దగ్గరకు వచ్చేవారు మొదట అడిగే మాట ఒక్కటే: "మన స్థలంలో ఎన్ని షాపులు పడతాయి?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: "మీ షాపులకు సరుకు ఏ బండిలో వస్తుంది?" చాలామంది దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. కొనేవారి కార్ల గురించి ఎంతో కొంత ఆలోచించి ఉంటారు. తెల్లవారుజామున బియ్యం బస్తాలు తెచ్చే డీసీఎం (మధ్యరకం లారీ) ఎక్కడ ఆగుతుంది, హమాలీలు ఏ దారిన లోపలికి మోస్తారు, ఖాళీ బండి ఎలా వెనక్కి తిరిగి వెళుతుంది అన్నది ఎవరూ తలచుకోరు. తలచుకోకపోతే ఆ బండి రోడ్డు మీదే ఆగుతుంది. బడికి వెళ్లే పిల్లలు దాన్ని చుట్టి నడిరోడ్డు మీదకు వస్తారు. 22 ఏళ్లుగా హైదరాబాద్‌లో భవనాల ప్లాన్లు గీస్తున్నాను. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే దృశ్యం అదే. అందుకే ఈ లెక్క ఎలా వేయాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఏ నిబంధనలు చూడాలో చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న జీవో 168 ద్వారా భవన నిర్మాణ నిబంధనలు వచ్చాయి. తెలంగాణలో వాటికి తర్వాత చాలా సవరణలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జీవో 119తో వేరే నిబంధనలు వచ్చాయి. రెండింటిలోనూ పార్కింగ్‌ను మొత్తం కట్టుబడి విస్తీర్ణంలో ఇంత శాతం అని పట్టికగా ఇస్తారు. వాడకాన్ని బట్టి ఆ శాతం మారుతుంది. మల్టీప్లెక్సులకు అన్నిటికంటే ఎక్కువ, హోటళ్లు, కల్యాణ మండపాలు, వాణిజ్య భవనాలకు అంతకంటే తక్కువ, అపార్ట్‌మెంట్లకు ఇంకా తక్కువ. ఊరి స్థాయిని బట్టి కూడా మారుతుంది. కాబట్టి పక్కవారు అయిదేళ్ల కిందట కట్టిన భవనం చూసి లెక్క వేసుకోవద్దు. పురపాలక కార్యాలయంలోని టౌన్‌ప్లానింగ్ విభాగానికి వెళ్లి, సవరణలతో సహా ఇప్పుడు అమల్లో ఉన్న పట్టికను అడిగి తెచ్చుకోండి. సరుకు దించే చోటు విషయంలో నేను నేషనల్ బిల్డింగ్ కోడ్‌ను, అంటే దేశమంతటికీ ఉన్న భవన నిర్మాణ ప్రమాణాల పుస్తకాన్ని, ముందు పెట్టుకుని గీస్తాను, ఎందుకంటే కొలతలు అందులో స్పష్టంగా ఉన్నాయి.

శాతం తెలిసింది కదా అని పని అయిపోయినట్టు కాదు. శాతం చెప్పేది విస్తీర్ణాన్ని. మీకు కావలసింది బండ్ల సంఖ్య. ఒక సెల్లార్, అంటే నేల కింది అంతస్తు, 960 చదరపు మీటర్లు ఉందనుకోండి. ఒక కారు నిలిచే గడి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, అంటే 12.5 చదరపు మీటర్లు. యజమాని వెంటనే భాగించి 76 కార్లు పడతాయంటారు. అది కార్లను పెట్టెలో సర్దినట్టు సర్దే లెక్క. కారు లోపలికి రావాలి, మలుపు తిరగాలి, తలుపు తెరుచుకోవాలి, బయటికి పోవాలి. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా భవన నియమావళి ప్రకారం ఈ కదలికలన్నీ కలుపుకొని ఒక కారుకు బయట ఆరుబయలులో 23, స్టిల్ట్‌లో (పిల్లర్ల మీద భవనం నిలిచే, గోడలు లేని కింది అంతస్తులో) 28, సెల్లార్‌లో 32 చదరపు మీటర్లు పట్టాలి. అలా చూస్తే అదే సెల్లార్‌లో 30 కార్లే. 76కూ 30కీ మధ్య ఉన్న తేడా అంతా చివరికి రోడ్డు మీద నిలబడుతుంది.

ఇంకో చిక్కు పిల్లర్ల దగ్గర వస్తుంది. మూడు కార్లకు 7.5 మీటర్లు కదా అని, పిల్లర్ల మధ్య దూరాన్ని నడిమి నుంచి నడిమికి 7.5 మీటర్లుగా పెట్టేస్తారు. పిల్లరు మందం 45 సెంటీమీటర్లు ఉంటే మిగిలేది 7.05 మీటర్లు. ఒక్కో కారుకు 2.35 వస్తుంది. కాగితం మీద ఆ 15 సెంటీమీటర్లు కనబడవు. ఒక భవనంలో నేనే ఆ పొరపాటు చేశాను. కట్టడం పూర్తయ్యాక మూడు కార్లు పెట్టించి చూస్తే, నడిమి కారులోంచి దిగలేక ఒక పెద్దావిడ వెనక డిక్కీ వైపు నుంచి దిగవలసి వచ్చింది. నాకు చాలా సిగ్గుగా అనిపించింది. ఆ రోజు నుంచి నడిమి నుంచి నడిమికి 8 మీటర్లకు తగ్గకుండా పెడుతున్నాను. కార్ల వరుసల మధ్య దారికి 6 మీటర్లు వదులుతాను. స్ట్రక్చరల్ ఇంజినీరు దూలాల మందం పెరుగుతుందని అంటారు. పెరగనివ్వండి. పిల్లరు పడిన తర్వాత జరపలేం.

సెల్లార్ వేస్తున్నారా, అయితే ర్యాంపు సంగతి ముందే తేల్చుకోండి. జీవో 168 ప్రకారం కనీసం 3.6 మీటర్ల వెడల్పుతో రెండు ర్యాంపులు గానీ, 5.4 మీటర్ల వెడల్పుతో ఒకటి గానీ ఉండాలి. వాలు ఎనిమిదికి ఒకటి. అంటే 3 మీటర్ల లోతు దిగాలంటే 24 మీటర్ల పొడవు కావాలి. మీ స్థలం లోతే 20 మీటర్లయితే ర్యాంపు తిన్నగా రాదు. వంపు తిప్పాలి. వంపు తిప్పితే సెల్లార్‌లో మరికొంత చోటు పోతుంది. సెల్లార్ గోడ స్థలం హద్దు నుంచి కనీసం 1.5 మీటర్లు లోపలికి ఉండాలి, స్థలం పెద్దదైతే ఇంకా ఎక్కువ. నేల నుంచి పైకప్పు స్లాబు అడుగు వరకు 2.4 మీటర్లకు తగ్గకూడదు. ఏసీ గొట్టాలు, మంటలార్పే నీళ్ల పైపులు ఆ 2.4 కిందికి వేలాడితే కొలత చెడినట్టే. కాబట్టి పైపుల మందం కలుపుకొని ఎత్తు పెట్టుకోండి.

ఇక అసలు సంగతి, సరుకు దించే చోటు. దుకాణాలు, మార్కెట్లు, మాల్స్, కార్యాలయాలు, పరిశ్రమలు, గోదాములకు పార్కింగ్‌తో పాటు అదనంగా ఈ చోటు చూపాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ఇక్కడ "అదనంగా" అన్న మాటకు కింద గీత గీసుకోండి. ఒకే గడిని ప్లానులో ఒక చోట కార్లకు, ఇంకో చోట లారీకి చూపించేవారు ఉన్నారు. అది తప్పు. లెక్క ఇలా వేయాలి: మొత్తం అంతస్తుల విస్తీర్ణంలో మొదటి 200 చదరపు మీటర్లు తీసేయండి. మిగిలినదానిలో ప్రతి 1,000 చదరపు మీటర్లకు, లేదా అందులో ఎంత చిన్న భాగానికైనా, ఒక చోటు చొప్పున వేయండి. 1,400 చదరపు మీటర్ల సూపర్ మార్కెట్ తీసుకుందాం, అంటే సుమారు 15 వేల చదరపు అడుగులు. అందులో 200 పోతే 1,200. మొదటి వెయ్యికి ఒకటి, మిగిలిన 200కు ఇంకొకటి, మొత్తం రెండు. ఒక్కోటి 3.75 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల పొడవుకు తగ్గకూడదు. రెండూ కలిపి 56.25 చదరపు మీటర్లు, అంటే 67 గజాల పైమాటే. స్థలం ధర లెక్కేసుకుని యజమానులు ఇక్కడ ఉలిక్కిపడతారు. నేను వారికి చెప్పేది ఇది: రోడ్డు మీద దింపిన ప్రతి లోడుకూ హమాలీలు ఎక్కువ దూరం మోయాలి, ఆ కూలి మీరే ఇవ్వాలి. బండి మీద చలానా పడితే రవాణా మనిషి దాన్ని మీ కిరాయిలోనే కలుపుతాడు. ఆ డబ్బును మీరు ప్రతి నెలా కడుతూనే ఉంటారు.

ఎత్తు ముఖ్యం. స్టిల్ట్ అంతస్తు 2.5 మీటర్లుంటే కార్లకు సరిపోతుంది. కంటైనరు కట్టిన డీసీఎం అందులోకి దూరదు. అందుకే సరుకు చోటును సెల్లార్‌లోనో స్టిల్ట్‌లోనో చూపించి చేతులు దులుపుకోవద్దు. ఆరుబయలులో, వెనక వైపు, గోదాము తలుపుకు ఎదురుగా పెట్టండి. అగ్నిమాపక యంత్రం తిరగవలసిన సెట్‌బ్యాక్‌లో మాత్రం పెట్టకండి. 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు భవనాల చుట్టూ వదిలే ఖాళీ ఫైరింజను కోసం వదిలేది. అక్కడ లారీ నిలబడి ఉంటే మంట అంటుకున్న రాత్రి ఏం జరుగుతుందో ఆలోచించండి.

ఉప్పల్ దగ్గర ఒక ఖాళీ స్థలంలో ఈ పాఠం నాకు ఒక డ్రైవరు నేర్పాడు. సూర్యాపేట మనిషి, యాభై దాటి ఉంటుంది. ప్లాను సిద్ధమైంది, సరుకు చోటు కొలతలు సరిగ్గా ఉన్నాయి, గేటు వెడల్పు నాలుగు మీటర్లు పెట్టాను. పునాదికి ముగ్గు పోయడానికి మేస్త్రీ వచ్చాడు. పక్క స్థలానికి ఇసుక తెచ్చిన ఈ డ్రైవరు అటుగా వచ్చి నిలబడి చూస్తూ, "అమ్మా, ఇందులోకి బండి ఎట్లా వస్తుంది?" అని అడిగాడు. గేటు చూపించాను. "గేటు సరే. రోడ్డు ఎంత? ఎదుటి ఇంటి మెట్లు రోడ్డు మీదకే ఉన్నాయి కదా. వెనక్కి తీసుకునేటప్పుడు ముందు భాగం ఎటు పోవాలి?" అన్నాడు. మేస్త్రీ దగ్గర ముగ్గుపిండి తీసుకుని గేటు స్తంభాలు, మలుపు, సరుకు గడి నేల మీద గీయించాను. ఆయన తన బండి తెచ్చాడు. వెనక్కి తీస్తుంటే బండి ముందు భాగం ఎదుటి మెట్ల దగ్గరికి వచ్చింది. ఎడమ అద్దం స్తంభం గీతకు నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. మూడుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పితే గానీ లోపలికి రాలేకపోయాడు. ఆ మూడుసార్లూ రోడ్డు పూర్తిగా ఆగిపోయింది. గేటును పక్క మూలకు జరిపి, ఆరు మీటర్లు చేసి, మూల గోడను ఏటవాలుగా కోశాం. ఒక్క షాపు కొంచెం చిన్నదైంది. ఆ సూపర్ మార్కెట్ ముందు ఇప్పటికీ ఒక్క లోడు బండి కూడా రోడ్డు మీద ఆగదు. నేను అటు వెళ్లినప్పుడల్లా ఆగి చూసి వస్తాను.

మిగిలినవి త్వరగా చెబుతాను. సందర్శకుల బండ్లకు విడిగా చోటు చూపాలి. వికలాంగుల కోసం 3.6 మీటర్ల వెడల్పుతో కనీసం రెండు గడులు, ప్రధాన ద్వారానికి 30 మీటర్ల లోపు ఉండాలి. ఆ అదనపు వెడల్పు చక్రాల కుర్చీ దించడానికి. ద్విచక్ర వాహనానికి 3 చదరపు మీటర్లు వేసుకోండి. మన ఊళ్లలో కార్ల కంటే అవే ఎక్కువ కాబట్టి ద్వారానికి దగ్గరగా పెట్టండి, దూరంగా పెడితే ఎవరూ అక్కడిదాకా పోరు. స్థలాలు చిన్నవైతే పక్క పక్క యజమానులు కలిసి ఒకే పార్కింగ్ ఏర్పాటు చేసుకునే వీలు కూడా నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది. అన్నదమ్ములు పంచుకున్న స్థలాల్లో నేను దీన్ని తప్పకుండా సూచిస్తాను. ఒకే ర్యాంపుతో ఇద్దరికీ పని జరుగుతుంది.

కట్టడం కాకుండా, ఉన్న భవనంలో షాపు అద్దెకు తీసుకుంటున్నవారికి కూడా ఒక మాట. అడ్వాన్సు ఇవ్వక ముందు మంజూరైన ప్లాను, ఓసీ అనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రెండూ చూపించమని అడగండి. ప్లాను చేత్తో పట్టుకుని సెల్లార్‌లోకి దిగండి. పార్కింగ్ అని రాసి ఉన్న చోట గోదాము, టైలరు షాపు, హోటలు వంటగది కనబడితే వెనక్కి వచ్చేయండి. సెల్లార్‌లో పది శాతం వరకు జనరేటరు, ఏసీ యంత్రాల వంటి వాటికి వాడుకోవచ్చు. అంతకు మించి పార్కింగ్ చోటును వేరే పనికి వాడితే తొలగించే అధికారం నిబంధనల్లోనే ఉంది. అలా తొలగించిన రోజు యజమాని అద్దె ఒక్కటే పోగొట్టుకుంటాడు. మీరు సరుకు, బీరువాలు, గిరాకీ అన్నీ పోగొట్టుకుంటారు. నాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారి ఇలాగే సెల్లార్‌లో పెట్టిన సరుకును ఒక వానాకాలం రాత్రి మోకాలి లోతు నీళ్లలో వెతుక్కున్నాడు. కింది వరుస చీరల కట్టలు అన్నీ రంగు దిగిపోయాయి.

అపార్ట్‌మెంటు కొనేవారు గుర్తుంచుకోవలసింది: స్టిల్ట్ పార్కింగ్ అందరి ఉమ్మడి భాగమని, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోలేడని 2010లో సుప్రీంకోర్టు ముంబయికి చెందిన ఒక కేసులో తీర్పు ఇచ్చింది. పార్కింగ్‌కు విడిగా డబ్బు అడిగితే ఏ కాగితం మీద ఏమని రాసి ఇస్తున్నారో చదివించుకోండి.

కట్టేవారి దగ్గరకు మళ్లీ వస్తాను. చిన్న ఇళ్లను మినహాయిస్తే, ప్లాను మంజూరు సమయంలో కట్టుబడి విస్తీర్ణంలో పది శాతం తనఖాగా రాయించుకుంటారు. ఓసీ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. తనిఖీకి వచ్చినప్పుడు పార్కింగ్ ప్లాను ప్రకారం లేకపోతే ఓసీ ఆగుతుంది, తనఖా ఆగుతుంది, బ్యాంకు అప్పు వడ్డీ మాత్రం ఆగదు. కాబట్టి గీతలు, బాణాలు, గడుల అంకెలు, "సరుకు దించే చోటు" అన్న అక్షరాలు తనిఖీకి ముందే రంగుతో రాయించండి.

అన్నిటికంటే ముందు ఒక ఆదివారం పొద్దున్న ఖాళీ స్థలంలోకి వెళ్లండి. ఆదివారం రోడ్డు మీద రద్దీ తక్కువ. టేపు, ముగ్గుపిండి, మీ సరుకు తెచ్చే బండి, ఆ డ్రైవరు ఉండాలి. పిల్లర్లు పడే చోట ఇటుకలు నిలబెట్టండి. గేటు, ర్యాంపు మొదలు, కార్ల గడులు, సరుకు గడి గీయండి. డ్రైవరుకు ఏమీ చెప్పకండి, లోపలికి వచ్చి బయటికి వెళ్లమనండి. మీరు రోడ్డు మీద, నడిచేవాళ్లు నిలబడే చోట నిలబడి చూడండి. ఏ ఇటుక పడిపోయిందో, ఏ గీత చెరిగిందో రాసుకోండి. ఆ తర్వాత మేస్త్రీని పిలవండి.